పిండి పులిసేదాకా

రాత్రి పాలు తోడు వేయడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన పనే. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యాక నిన్నటి పెరుగు ఒక చెంచాడు కలిపి, మూత పెట్టి పడుకుంటాం. తెల్లవారేసరికి గిన్నెలో పెరుగు ఉంటుంది. దాన్ని మనం చేశామా? తోడు వేసింది మనమే గాని, పాలను పెరుగుగా మార్చింది మాత్రం మనం కాదు. మనం కలిపాం, కదపకుండా ఉంచాం, ఆగాం. చలికాలంలో ఎంత తొందరపడినా అది పట్టే సమయం పట్టి తీరుతుంది.

ఐరోపా దేశాలవారి రొట్టె కూడా మన పెరుగుకు చుట్టమే. ఈ వారం ఆ రొట్టెల గురించి, వాటిని పులియబెట్టే పద్ధతుల గురించి కొంత చెప్పుకొని, వాటి వెనక ఉన్న ఒక ప్రశ్నను ఆలోచిద్దాం. ఆగడం ఎప్పుడు సుగుణం అవుతుంది? ఎదుటివారిని ఆగమని చెప్పే హక్కు మనకు ఎప్పుడు ఉంటుంది? గురువుగా ముప్పై ఏళ్ళకు దగ్గరలో ఉన్న నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. ఎందుకో చివర చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో, జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో ఒక విచారణ గురువు సెలవు మీద వెళితే, ఆయన స్థానంలో నెల రోజులు పూజలు సమర్పించడానికి వెళ్ళాను. మన మేత్రాసనాల నుండి అలా వెళ్ళి వచ్చిన గురువులు చాలామందే ఉన్నారు. మొదటి రోజు ఉదయం బల్ల మీద ఇటుకలా నల్లగా, తడిగా, బరువుగా ఉన్న రొట్టె ముక్కలు పెట్టారు. పేరు పుంపర్‌నికెల్. నోట్లో పెట్టుకుంటే ఒక పక్క పులుపు, ఒక పక్క తీపి. ఇడ్లీ కోసం వెతుక్కునే నాలుకకు అది రుచించలేదు. గుడి పనులు చూసుకునే పెద్దాయన నా ముఖం చూసి నవ్వి, ఈ రొట్టె ఒక పగలూ ఒక రాత్రీ బట్టీలో ఉంటుందని, తినడం నేర్చుకోవడానికి కూడా కొంచెం సమయం ఇవ్వమని అన్నారు. నెల తిరిగేసరికి ఆయన మాట నిజమైంది.

ఆ పెద్దాయన చెప్పిన లెక్కలో అతిశయోక్తి లేదు. పుంపర్‌నికెల్‌ను తక్కువ వేడి మీద కనీసం 16 గంటలు, కొన్నిచోట్ల 24 గంటల దాకా కాలుస్తారు. దాని నలుపు రంగు వల్ల వచ్చింది కాదు, అంతసేపు వేడిలో ఉండడం వల్ల వచ్చింది. అది గోధుమ రొట్టె కాదు. రై అనే ధాన్యంతో చేసినది. చలి దేశాలలో, సారం లేని నేలలలో గోధుమ సరిగా పండనిచోట రై పండుతుంది. అందుకే ఉత్తర జర్మనీ, పోలండ్, ఫిన్లాండ్, రష్యా దేశాలలో సామాన్యుల రొట్టె అదే అయింది.

గోధుమ పిండిని నీళ్ళతో పిసికితే గ్లూటెన్ అనే సాగే పదార్థం వలలాగా ఏర్పడుతుంది. పులిసేటప్పుడు పుట్టే వాయువును ఆ వల పట్టి ఉంచుతుంది. అందుకే గోధుమ రొట్టె పొంగుతుంది. రై పిండిలో అటువంటి వల సరిగా ఏర్పడదు. పైగా బట్టీ వేడికి పిండిపదార్థాన్ని చక్కెరగా కోసివేసే ఎంజైము ఒకటి రైలో చురుకుగా పనిచేస్తుంది. దాన్ని అలాగే వదిలితే రొట్టె లోపల జిగురుముద్దగా మిగిలిపోతుంది. ఆ ఎంజైమును అదుపు చేసేది పులుపు. అంటే ఉత్తరాది వారు రై పిండిని పులియబెట్టింది రుచి కోసం మాత్రమే కాదు. ఆ పులుపు లేకపోతే రొట్టె నిలబడదు. అక్కడ ఆగడం రొట్టెకు ఒక అలంకారం కాదు, అదే దాని వెన్నెముక.

ఈ పులియబెట్టే ముద్దను జర్మన్లు సావర్‌టైగ్ అంటారు, అంటే పుల్లని పిండి. ఫ్రెంచివారు లెవాన్ అంటారు. ఇటలీవారు ముద్దుగా తల్లి పులిపిండి అని పిలుస్తారు. చేసే విధానం అన్నిచోట్లా దాదాపు ఒకటే. పిండి, నీళ్ళు కలిపి ఉంచితే పిండిలోనే ఉన్న ఈస్ట్ కణాలు, పులుపు పుట్టించే బాక్టీరియా కొద్ది రోజుల్లో పెరుగుతాయి. ఈస్ట్ వాయువును ఇస్తుంది, బాక్టీరియా పులుపును ఇస్తుంది. ప్రతిసారీ రొట్టెకు కొంత వాడి, కొంత మిగిల్చి, మిగిలినదానికి కొత్త పిండి, నీళ్ళు పెట్టి పోషిస్తారు. నిన్నటి పెరుగు నేటి పాలకు తోడైనట్టు, నిన్నటి ముద్ద నేటి ముద్దకు తోడవుతుంది.

ఇటలీ దక్షిణాన ఆల్తమూరా అనే ఊరి రొట్టె ఈ పద్ధతికి పేరు పొందింది. అది మనం ఉప్మాకు వాడే రవ్వ జాతి గట్టి గోధుమతో, తల్లి పులిపిండితో చేసేది. ఆ రొట్టెకు 2003లో ఐరోపా సమాఖ్య ఆ ఊరి పేరుమీద రక్షణ ఇచ్చింది. పూర్వం అక్కడి ఇల్లాళ్ళు ఇంట్లో పిండి పిసికి ఊరి ఉమ్మడి బట్టీకి పంపేవారు. ఎవరి రొట్టె ఏదో తెలియడానికి కొయ్యతో చెక్కిన తమ ఇంటి ముద్రను దాని మీద ఒత్తేవారు. బట్టీ అందరిదీ, నిప్పు అందరిదీ, ముద్ర మాత్రం ఎవరిది వారిది.

ఇంతవరకు విన్నవారు, నిదానంగా చేసినదే మంచిది, తొందరగా చేసినది చెడ్డది అని నేను చెప్పబోతున్నానని అనుకోవచ్చు. చాలామంది అలాగే అనుకున్నారు. కాని విషయం అంత తేలిక కాదు.

తొందర పద్ధతి కొత్తది కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమను రచయిత ప్లీనీ, గాల్, స్పెయిన్ దేశాలవారు బీరు మీది నురుగుతో రొట్టె పులియబెడతారని, అందుకే వారి రొట్టె ఇతరుల రొట్టె కన్నా తేలికగా ఉంటుందని రాశాడు. పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లో ఇదే విషయం మీద పెద్ద వివాదం లేచింది. పాలు పోసి, బీరు ఈస్ట్ కలిపి చేసే మెత్తని రొట్టెలు ధనవంతుల ఇళ్ళలో వాడుకలోకి వచ్చాయి. 1668లో అక్కడి వైద్య విద్యాపీఠం ఆ ఈస్ట్ ఆరోగ్యానికి హాని అని తీర్పు చెప్పింది. అయినా 1670లో పారిస్ న్యాయస్థానం దానిని అనుమతించింది. ఈస్ట్ తాజాది కావాలి, పారిస్ చుట్టుపక్కల నుండే రావాలి అని మాత్రం షరతు పెట్టింది. తరువాత రెండు శతాబ్దాలకు, 1857 నుండి లూయీ పాస్చర్ చేసిన ప్రయోగాలు పులియడమనేది జీవుల పని అని చూపించాయి. బీరు ఈస్ట్, పులిపిండిలోని ఈస్ట్ ఒక కుటుంబానికి చెందినవే. ఒకటి పవిత్రం, ఒకటి విషం అన్న భేదం లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో వియన్నావారు ఈస్ట్‌ను వేరుగా పెంచి, ముద్దగా ఒత్తి అమ్మడం మొదలుపెట్టాక అది ఐరోపా అంతటా పాకింది.

ఇక ఐర్లండ్ సంగతి చూడండి. అక్కడి తడి వాతావరణంలో పండే మెత్తని గోధుమలో గ్లూటెన్ తక్కువ, ఈస్ట్‌కు సరిగా లొంగదు. పందొమ్మిదవ శతాబ్దంలో వంటసోడా దొరకడం మొదలయ్యాక అక్కడి తల్లులు పిండిలో సోడా, ఉప్పు కలిపి మజ్జిగ పోశారు. మజ్జిగ పులుపు సోడాకు తగలగానే వాయువు పుడుతుంది. ఇక ఆగకూడదు. ఆగితే వాయువు పోతుంది, రొట్టె చప్పబడుతుంది. అందుకే ముద్దను గబగబా కలిపి, పైన కత్తితో సిలువ గుర్తు గీసి, మూతగల ఇనుప పాత్రలో పెట్టి, కిందా మూత మీదా నిప్పులు పేర్చి కాల్చేవారు. బట్టీ లేని పేద ఇళ్ళలో పిల్లల కడుపు నింపిన రొట్టె అది. ఆ తల్లుల తొందరను తక్కువ చేసి మాట్లాడగలమా?

దీనికి ఎదురుగా నిదానపు రొట్టె వెనక ఉన్న ఒక చీకటిని కూడా చూడాలి. తెల్లవారేసరికి వేడి రొట్టె కావాలంటే రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. లండన్ రొట్టె పనివారి స్థితిగతులపై ట్రెమెన్‌హీర్ అనే అధికారి సిద్ధం చేసిన నివేదిక 1862లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చింది. పనివాడు రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో పని మొదలుపెట్టి పిండి కలుపుతాడు. పిండి పులిసే ఒకటి రెండు గంటలు ఆ పిసికే బల్ల మీదే, ఒక గోనెసంచి పరుచుకొని, ఇంకొకటి తలకింద పెట్టుకొని నడుము వాలుస్తాడు. తరువాత మళ్ళీ ఉదయం దాకా, కొన్నిచోట్ల మధ్యాహ్నం దాకా ఊపిరి సలపని పని. ఆ బల్ల మీద పిండికి దొరికిన విశ్రాంతి మనిషికి దొరకలేదు. ఫ్రాన్సు 1919లో చట్టం చేసి రాత్రి పది గంటల నుండి ఉదయం నాలుగు గంటల వరకు రొట్టె బట్టీలలో పని నిషేధించింది. 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ బట్టీలలో రాత్రిపనిపై ప్రత్యేకంగా ఒక ఒప్పందాన్నే ఆమోదించింది. త్వరగా పొంగించే ఈస్ట్ అటువంటి పనివాడికి కొంత నిద్ర మిగిల్చిందంటే, దాన్ని నేను నిందించలేను.

అయితే ఆదా చేసిన సమయం ఎప్పుడూ పనివాడికే చేరలేదు. 1961లో ఇంగ్లండులోని చార్లీవుడ్ అనే ఊరి పరిశోధనశాలలో ఒక పద్ధతి కనిపెట్టారు. పిండిని యంత్రంతో అతివేగంగా కొన్ని నిమిషాలు చిలికి, ఈస్ట్ ఎక్కువ వేసి, విటమిన్ సి, కొవ్వు కలిపితే, గంటల తరబడి పులియనివ్వవలసిన అవసరం ఉండదు. దాదాపు మూడున్నర గంటల్లో పిండి రొట్టె అవుతుంది. స్వదేశంలో పండే మెత్తని గోధుమను ఎక్కువగా వాడుకోవడానికి, దిగుమతులు తగ్గించుకోవడానికి అది తోడ్పడింది. చవక రొట్టె పేదవాడికీ అందింది. ఇవి చిన్న మేలులు కావు. కాని నిదానంగా పులిసినప్పుడు వచ్చే పరిమళం అందులో తగ్గింది. ధాన్యపు పొట్టులోని ఫైటిక్ ఆమ్లం ఇనుము వంటి ఖనిజాలను ఒంటికి పట్టనివ్వదు. పులుపు దాన్ని విడగొడుతుంది. ఆ మేలు జరగడానికి కూడా సమయం కావాలి.

ఇక్కడ ఫ్రాన్సు ప్రభుత్వం 1993 సెప్టెంబరు 13న ఇచ్చిన ఉత్తర్వు నాకు ఆలోచింపదగినదిగా తోస్తుంది. ఆ ఉత్తర్వు తొందర రొట్టెను నిషేధించలేదు. పేర్లను మాత్రం సరిచేసింది. ఫ్రెంచి సంప్రదాయ రొట్టె అని అమ్మాలంటే తయారీలో ఎక్కడా గడ్డకట్టించి నిలవ ఉంచకూడదు, రసాయనాలు చేర్చకూడదు. పులిపిండి రొట్టె అని పిలవాలంటే దాని పులుపు ఇంత ఉండాలని కొలతతో సహా చెప్పింది. ఈస్ట్ వాడుకోవచ్చు, పులిపిండి వాడుకోవచ్చు. కాని ఏది వాడామో దాచి, పాత పేరు పెట్టి అమ్మకూడదు. తొందర తప్పు కాదు. తొందరను నిదానంగా చూపించి అమ్మడం తప్పు. మన పనులలో, మన భక్తిలో కూడా ఇది నిజం కాదా?

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజులలో ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ గురించి పాఠం విన్నాను. 1907లో వెలువడిన గ్రంథంలో ఆయన ఒక గ్లాసు నీళ్ళు, చక్కెర ఉదాహరణ ఇస్తాడు. చక్కెర కరిగేదాకా నేను ఆగక తప్పదు. ఆ ఆగే కాలం గడియారంలోని అంకె కాదు, నేను అనుభవించే కాలం అని ఆయన భావం. అప్పుడు అది నాకు అందంగా తోచింది. ఇప్పుడు దానికి ఒక ప్రశ్న చేర్చాలనిపిస్తుంది. చక్కెర నీళ్ళు తాగేది నేనే, ఆగేదీ నేనే. లండన్ బట్టీలో అలా కాదు. ఆగినవాడు ఒకడు, తిన్నవాడు ఇంకొకడు.

మన విశ్వాసంలో రెండు రొట్టెల జ్ఞాపకం ఉంది. ఒకటి, పిండిలో పులిపిండిని కలిపిన స్త్రీ ఉపమానం. క్రీస్తు ప్రభువు దైవరాజ్యాన్ని దానితో పోల్చాడు. ఆ ఇల్లాలు ఆగింది. పిండి ఆమెది, ఆకలి ఆమె ఇంటిది. ఆమెను ఎవరూ ఆగమని శాసించలేదు. రెండవది, ఐగుప్తు నుండి బయలుదేరిన రాత్రి జ్ఞాపకం. బానిసత్వం నుండి బయటపడేవారికి పిండి పులిసేదాకా ఆగే తీరిక లేదు. పొంగని ముద్దను భుజాన వేసుకొని నడిచారు. ఆ తొందరను దేవుడు తప్పు పట్టలేదు సరికదా, ఏటేటా పండుగగా గుర్తుంచుకోమన్నాడు.

శ్రీసభలో కూడా ఈ రెండు రొట్టెలు ఉన్నాయి. దివ్యబలిపూజలో మన లాటిను సభ వాడేది పొంగని అప్పం. గ్రీకు తూర్పు సభలు వాడేది పులిసిన రొట్టె. పదకొండవ శతాబ్దంలో తూర్పు పడమరల సభలు విడిపోయిన రోజులలో ఈ భేదం కూడా ఒక పెద్ద తగవు అయింది. పునీత థామస్ అక్వీనాస్ దీన్ని చర్చించి, ఎవరి సభ ఆచారాన్ని వారు పాటించాలి గాని, సంస్కారం రెండింటితోనూ నెరవేరుతుందని అన్నాడు. 1439లో ఫ్లోరెన్సు మహాసభ కూడా గోధుమ రొట్టె పులిసినదైనా పులియనిదైనా క్రీస్తు శరీరం నిజంగా అవుతుందని ప్రకటించింది. ఆగిన రొట్టెకూ ఆగని రొట్టెకూ బలిపీఠం మీద చోటు ఉంది.

ఇప్పుడు నా సంగతి. నేను ఈ రెండు విధాలా పొరపాటు చేశాను.

ఒక విచారణలో ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. క్రిస్మసు ముందు ఇద్దరినీ పిలిపించి, గుడిలో చేతులు కలిపించి, పండుగ పూజలో ఆ మాట గొప్పగా చెప్పాను. సంక్రాంతి నాటికి మళ్ళీ పోట్లాడుకున్నారు, మునుపటి కన్నా ఎక్కువగా. పైన పెంకు కాలింది, లోపల పిండి పచ్చిగానే ఉంది. నేను తొందరపడి తీసేశాను. తరువాత ఆరేడేళ్ళకు, ఒకరు ఆసుపత్రిలో ఉంటే రెండోవారి ఇంటి నుండి క్యారేజీ వెళ్ళిందని విన్నాను. అప్పటికి నేను ఆ విచారణలో లేను.

మరో విచారణలో ఒక ముసలి తల్లి తన భర్త పోయాక రావలసిన సొమ్ము కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగేది. ప్రతి ఆదివారం పూజ తరువాత నా దగ్గరకు వచ్చి చెప్పుకునేది. నేను ప్రతిసారీ, ఓపిక పట్టమ్మా, దేవుడు చూస్తాడు అనేవాణ్ణి. ఒకసారి ఆమె, సామీ, నా ఓపిక మీకేమీ ఖర్చు కాదు గదా అన్నది. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. మూడో ఏడు కాగితం వచ్చింది. అప్పటికి ఆమె సమాధి మీద గడ్డి మొలిచింది. నేను ఒక్కసారి ఆమె వెంట వెళ్ళి ఆ బల్ల ముందు నిలబడి ఉంటే పని జరిగేదో కాదో నాకు తెలియదు. నేను వెళ్ళలేదన్నది మాత్రం తెలుసు.

అన్నదమ్ముల మధ్య ఏదో ఎదగవలసి ఉంది. నేను ఆగి ఉండాల్సింది. ఆ తల్లి కాగితంలో ఎదగవలసింది ఏమీ లేదు. పిండి ఆగితే పులుస్తుంది, ఫైలు ఆగితే దుమ్ము పడుతుంది. ఈ రెండింటినీ ఒకే ఓపిక అనే పేరుతో పిలవడం కూడా ఒక రకం కల్తీయే.

కాబట్టి, సహోదరీ సహోదరులారా, ఎవరికైనా ఓపిక పట్టమని చెప్పబోయే ముందు రెండు సంగతులు అడుగుదాం. ఈ ఆగే కాలంలో లోపల ఏదైనా ఎదుగుతున్నదా? ఆగేది ఎవరు, తినేది ఎవరు? చదువులో వెనకబడిన బిడ్డ, తాగుడు మానాలని పడుతూ లేస్తున్న భర్త, కొత్తగా అత్తవారింట అడుగుపెట్టిన కోడలు, వీరికి సమయం ఇద్దాం. మనం కూడా వారితోపాటు ఆగుదాం. కూలి అందని పనివాడు, న్యాయం అందని ఆడపడుచు, వీరిని మాత్రం ఆగమనకుండా వారితో నడుద్దాం.

రేపు ఆదివారం పూజలో మన చేతిలో పెట్టే అప్పం పలుచగా, పొంగకుండా ఉంటుంది. బయలుదేరవలసినవారికి దేవుడు ఇచ్చిన రొట్టె అది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఎప్పటిలాగే పాలు తోడు వేస్తాం. ఆ చెంచా చేతిలో ఉన్నప్పుడు, మన వల్ల ఎవరు ఆగుతున్నారో ఒక్కసారి గుర్తుచేసుకుందాం.